తెర కింద కాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. ఏడో నెల కడుపుతో గౌరి, ఆమె చెల్లెలు తులసి, వాళ్లమ్మ దుర్గాభవాని, మేనత్త తవిటమ్మ, పెరట్లో తలంటు పోసుకుంటున్న మామ్మ బుల్లమ్మ.

మగవాళ్లెవరూ లేరు. తండ్రి జగన్నాధాన్ని కూడా సాయంత్రం దాకా రావద్దని చెప్పి, అరసవల్లి గుడి దగ్గర లాడ్జిలో కూర్చోబెట్టారు.

గౌరి సీమంతం. విందైనా ఆటైనా ఆడవాళ్లకే.

రాజాం నుంచి గౌరి అత్తగారు, ఆవిడ తోడికోడళ్లు వస్తున్నారు. పెళ్లిలో వాళ్లు కోలాటం వేసి పందిరి అదరగొట్టారు. చివర్లో ఒక మాట కూడా అన్నారు.

"మీ వైపు ఆడోల్లకి కాల్లు లేవేటి వదినా?"

ఆ మాట దుర్గాభవానికి ఏడాదిగా అరగలేదు. ఈ రోజు జవాబు చెప్పకపోతే గౌరి జన్మంతా అదే వింటూ బతకాలి.

ఉపాయం మామ్మదే. భాగోతం ఆట. రాణి అలుగుతుంది, రాజు బతిమాలతాడు. రాణి నేరుగా రాదు. తెర కింద ముందు కాలొక్కటే కనిపిస్తుంది.

"ఆ కాలు సూసే మీ తాత మూడు దినాలు అన్నం మానేసినాడు," అని మామ్మ యాభై ఏళ్లుగా చెబుతోంది. "ఆ భాగోతం మేలం మా ఊరొచ్చేసరికి నాకు పెల్లయి నెల. నా సవితి! అది నా గుమ్మం తొక్కితే మొహం మీదే తలుపేస్తాను."

సవితి పేరు మాత్రం ఎవరడిగినా చెప్పదు.

రాణి వేషం తులసికి పడింది. పొడుగు జడ ఉన్నది తనకే. బడిలో హాజరు పిలిస్తే పలకడానికే సిగ్గుపడే పిల్ల.

తవిటమ్మ రాజు. కాటుకతో పెట్టుకున్న మీసం చెమటకి గడ్డం దాకా దిగింది.

దుప్పటి ఒక కొస కిటికీకి కట్టి, రెండోది దుర్గాభవాని పట్టుకుంది.

తులసి కాలు బయటపెట్టింది.

"పేడలో అడుగేసినట్టున్నాదే," అంది గౌరి లడ్డూ నములుతూ.

తులసి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గజ్జె ముందు రావాలమ్మా. కాలు తరవాత."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. టెంట్‌హౌస్ వాళ్ల కుర్చీలు రిక్షాలో తేవడానికి ఆ పూటకి కూలికొచ్చిన ముసలాయన. ఆఖరి నాలుగు కుర్చీలు నెత్తిన ఉన్నాయి. నెరిసిన గడ్డం, చెవి మీద బీడీ.

"నీకేటి తెలుసు తాతా?" అంటూ తవిటమ్మ మీసం తిప్పింది. సగం మీసం వేలికి అంటుకుంది.

ఆయన కుర్చీలు దించాడు. తులసి ఎడమ కాలి గజ్జెలు అడిగి కట్టుకుని, దుప్పటి వెనక్కి వెళ్లాడు.

గజ్జె ఒక్కసారి మోగింది. ఆగింది.

ఎవరూ కదల్లేదు.

మళ్లీ మోగింది. అప్పుడొచ్చింది కాలు. పగిలిన మడమ, పిక్క దాకా దుమ్ము, చిటికెన వేలు లేదు. అయినా రాజుగారు తెలియకుండానే ఒకడుగు ముందుకేశారు. గౌరి లడ్డూ నమలడం ఆపేసింది.

దుప్పటి అంచు మీద నాలుగు వేళ్లు. ఆ తర్వాత ముఖం. ఆయన ఓరగా చూసి, మూతి ముడిచాడు.

తవిటమ్మ సిగ్గుపడి మీసానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకు సిగ్గు తాతా," అంది తులసి. పొద్దున్నుంచీ ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

"కాలు కనబడేదాకా నువ్వక్కడ లేనట్టే కదమ్మా. లేనోల్లకి సిగ్గేటి?"

వీధిలో ఆటో హారన్ మోగింది. రాజాం వాళ్లు.

దుర్గాభవాని ఉలిక్కిపడింది.

"ఓలమ్మో, ఇంట్లో మగోడు! తాతా, బేగి ఎల్లు."

"మూల నిలబడి సూసెల్తానమ్మా. ఆట సూసి శాన్నాల్లయింది."

"ఆడోల్ల ఆట. మగోల్లు సూడకూడదు."

"మగోల్లా?" ఆయన తనని తాను ఒకసారి కిందికీ పైకీ చూసుకుని నవ్వాడు. "అవున్లే తల్లీ."

గజ్జెలు విప్పి, కళ్లకద్దుకుని తులసికిచ్చాడు. వియ్యాలవారు వీధి గుమ్మం ఎక్కేలోపే దుర్గాభవాని ఆయన్ని పక్కవాకిలి నుంచి పంపించి, గడియ పెట్టింది.

ఆట మొదలైంది.

గజ్జె మోగింది. ఆగింది. తాత చెప్పినట్టే, తెర వెనక తులసి లేనట్టే ఉంది. మళ్లీ మోగింది. కాలు వచ్చింది.

గౌరి అత్తగారు కుర్చీలోంచి లేచిపోయింది. "ఓలమ్మా! కాలంటే ఇదీ!"

దుర్గాభవానికి ఏడాది నాటి మాట అప్పటికి అరిగింది.

చప్పట్ల మధ్య మామ్మ గొంతు ఖంగుమంది.

"ఆపండే!"

తడి జుట్టు ముడేసుకుని ముందు వరసలో నిలబడి ఉంది.

"ఒసే గుంటా, ఈ కాలు నీకెవరు నేర్పినారు?"

"కుర్చీలు తెచ్చిన తాత."

"ఎడం కాలికి సిటికెనేలు ఉన్నాదా?"

"లేదు మామ్మా."

మామ్మ కుర్చీలో కూలబడింది.

"లక్ష్ముడు! ఆయన మగోడని మీ తాతకి సచ్చేదాకా నేను సెప్పలేదే. తిడదామని తెర ఎనక్కెల్తే, కూకుని గెడ్డం గీసుకుంటన్నాడు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఏడీ? పిలవండి. నా పక్కన కూకోబెట్టి బోజనం ఎట్టాల."

తులసి గజ్జెలతోనే పరుగెత్తి పక్కవాకిలి తీసింది. సందులో రిక్షా లేదు.

"ఆట సూసెల్తానన్నాడు అత్తా," అంది దుర్గాభవాని మెల్లగా. "నువ్వన్నట్టే అయింది. నీ సవితి మొహం మీదే తలుపేసేసినాను."