ఐదో ప్రశ్న

"నా ల్యాప్‌టాప్ ఏదీ?" అన్నాడు ముసలాయన.

"చచ్చింది పెద్దాయనా," అన్నాడు రిపేరు కొట్టు కోరీ, మాంసం కూరిన రొట్టె నములుతూ. "కొత్త ఫ్యాన్ వేసి, వేడెంతుందో చూశాను. మళ్లీ ఆన్ కాలేదు. పాతది కదా."

"సరే, ఇటివ్వు."

"తుక్కు లారీలో వేసేశా. మంగళవారమే."

"నన్నడక్కుండానా?"

"అదేమన్నా బంగారమా?"

ముసలాయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు.

"నా భార్య రాతలున్నాయందులో. పంతొమ్మిదేళ్లు దీవుల వెంట తిరిగి మటన్‌బర్డ్ అనే సముద్రపు పిట్టల్ని లెక్కపెట్టింది. ఆ లెక్క ఇంకెక్కడా లేదు. తనూ లేదు."

"పిట్టలెక్కడికి పోతాయి? నువ్వెళ్లి మళ్లీ లెక్కపెట్టుకో."

కోరీ బల్లకేసి తిరిగాడు. బల్ల మీద అదే రకం ల్యాప్‌టాప్‌లు పద్నాలుగున్నాయి. బడివి. రేపు పొద్దున పరీక్షకు కావాలి. ఈ పని సరిగ్గా చేస్తే బర్నీ ఊరి చుట్టుపక్కల బడుల పనులన్నీ తనకే వస్తాయి. చెడితే కొట్టు మూసుకోవాల్సిందే.

మొదటిదానిలో వేడి కొలిచే ప్రోగ్రాం పెట్టాడు. ఫలానా చిప్పును తడిమి చూడనా అని అది ఒక్కొక్కటే అడుగుతోంది. కోరీ చూడకుండానే నొక్కుతున్నాడు.

"నాదానికీ ఇదే పెట్టావా?"

"ఆఁ, ఇదే."

"అదేం అడుగుతోందో చదవవా?"

"చదివేదేముంది? అన్నిటికీ ఎంటర్. ఎంటర్, ఎంటర్, ఎంటర్."

"ఐదో ప్రశ్న చదువు. ఈ రకానికి..."

"పన్నెండేళ్లుగా ఇదే పని నాకు. పాఠాలు చెప్పకు. కూర్చుంటే కూర్చో, లేకపోతే దారి చూసుకో."

ముసలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీది ప్రశ్నల్నే చూస్తూ ఉన్నాడు. పద్నాలుగోది అయ్యాక లేచి వెళ్లిపోయాడు.

కోరీ అన్నిటినీ ఆపి, మళ్లీ వేశాడు.

ఒక్కటీ ఆన్ కాలేదు.

తన సొంత కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం తెరిచి, అప్పుడు చదివాడు ఐదో ప్రశ్న. 'ఈ రకం ల్యాప్‌టాప్ అయితే వద్దనండి. తడిమితే ల్యాప్‌టాప్‌ను నడిపే చిప్పులో రాత చెరిగిపోతుంది. ఇక ఆన్ కాదు.'

ఆ ప్రోగ్రాం వాడేవాళ్లంతా ఇంటర్నెట్‌లో కలిసే చోట గోడు వెళ్లబోసుకున్నాడు. ఎవరో వెంటనే జవాబిచ్చారు: చెరిగిన రాత తిరిగి రాయగలిగినవాడు ఒక్కడే, అదృష్టం, మీ బర్నీలోనే ఉంటాడు. నంబరూ ఇచ్చారు. కోరీ వెంటనే ఫోన్ చేశాడు.

"సార్, బడి ల్యాప్‌టాప్‌లు పద్నాలుగు పోయాయి. మీరు బాగు చేయగలరట."

"చేయగలను. సాయంత్రానికల్లా అయిపోతుంది."

"బతికించారు సార్! కారు పంపనా?"

"వద్దు. నేను రాను."

"పిల్లల పరీక్ష సార్! నా బతుకు సార్! ఎందుకు రారు?"

"ఆ ప్రోగ్రాం రాసింది నేనే, నీ కొట్టులో కూర్చుని పద్నాలుగుసార్లు చూశాను, ఒక్కసారైనా చదువుతావేమోనని."