నోటి నిండా తెలుగు

చేతిలో పద్నాలుగో నంబరు చీటీ, పక్కన నెల రోజులుగా నోరు విప్పని భార్య, నోటి నిండా తెలుగు. ఈ మూడూ ఉంటే పని అయిపోతుందని శివానాయక్ లెక్క.

ప్రొద్దుటూరు సందుల్లో ఇరవై ఏళ్లుగా దుప్పట్లు అమ్ముతున్నవాడు. మాటతో కానిది లేదని అతని నమ్మకం.

ఆ రోజు బుధవారం. ఆస్పత్రికి మనసు డాక్టరు వచ్చే రోజు.

వరండాలో కూర్చున్న ఒక సుగాలి ముసలామె సోనీబాయిని చూసి లేచి వచ్చింది. ఏమీ అడగకుండా మెడ చుట్టూ చేతులు వేసి, తండాలో ఆడవాళ్లు కలిసినప్పుడు ఏడ్చే రాగం ఎత్తుకుంది.

సోనీబాయి ఆమె భుజం మీద తల వాల్చింది. నెల తర్వాత నోరు విప్పింది. అదే రాగంలో, తమ భాషలో.

"బావి నన్ను పిలుస్తాంది, తల్లీ."

జనం తిరిగి చూశారు. ఎవరో నవ్వారు.

శివానాయక్‌కు తల కొట్టేసినట్టయింది. ఏడుపు పాటల్లో బావులూ వాగులూ మామూలే అనుకున్నాడు. భార్య చెయ్యి పట్టి లాగాడు.

"ఏడ్చనీ నాయకా. మనోళ్లు ఏడుపులోనే గదా చెప్పుకునేది," అంది ముసలామె తమ భాషలో.

అతను కావాలనే తెలుగులో బదులిచ్చాడు.

"ఇది ఆస్పత్రి అవ్వా, తండా కాదు. అడుక్కోవాలంటే గుడి కాడికి పో."

ముసలామె అతని ముఖం వంక ఒక్క క్షణం చూసింది. కొంగు సర్దుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

నంబరు పిలిచారు. గదిలో డాక్టరు ముందు ఒక స్టూలు, ఆయన పక్కన ఒక కుర్చీ. భార్యను స్టూలు మీద కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చున్నాడు.

"అప్పా, ఆ కుర్చీ..." అంది నర్సు నిర్మలమ్మ.

"మోకాళ్లు నొప్పిలేమ్మా."

"నిద్ర పడుతోందా?" డాక్టరు సోనీబాయిని అడిగాడు.

"పట్టదు సార్. తిండి గూడా లేదు," అన్నాడు శివానాయక్.

"రోగం ఆమెకా, నీకా?"

"ఆమెకు తెలుగు రాదు సార్. నేనుండా గదా."

డాక్టరు రెండుసార్లు తలుపు వైపు చూశాడు.

"ఇంతసేపూ ఈడనే ఉండె సార్, యాడికి పోయిందో," నర్సు గొణిగింది.

బయట ఇంకా నలభై మంది ఉన్నారు. డాక్టరు పది మాత్రలు రాసి, వచ్చే బుధవారం తప్పక తీసుకురమ్మన్నాడు.

బేరం కుదిరినంత సంతోషంగా బస్సెక్కాడు శివానాయక్.

బుధవారం ఒక్కడే వచ్చాడు.

"మీ ఆడమనిషి ఏదప్పా?" గది బయట బల్ల దగ్గర అడిగింది నిర్మలమ్మ.

"మొన్న బావిలో తేలిందమ్మా." మాత్రల అట్ట బల్ల మీద పెట్టాడు. ఇంకా ఉన్నాయి అందులో.

నిర్మలమ్మ ఆ అట్టను చేతిలోకి తీసుకుంది.

"ఆ పొద్దు సక్కుబాయి ఉండుంటే..."

"యా సక్కుబాయి?"

"మీ భాష ఈడ ఇంకెవరికి వస్తాది? మీ ఆడోళ్లతో కలిసి ఏడ్చేది. ఆ ఏడుపులో ఏముందో డాక్టరుకు తెలుగులో చెప్పేది. జీతం లేదు, ఏం లేదు. ఎవరో అడుక్కునేదనుకుని తరిమినారంట. ఈ పొద్దు గూడా రాలే."

శివానాయక్ నోటి నిండా ఉన్న తెలుగులో ఒక్క మాటా బయటికి రాలేదు.

తలుపు సందులోంచి, డాక్టరు పక్కన ఖాళీగా ఉన్న సక్కుబాయి కుర్చీ కనిపిస్తోంది.