మాటసాయానికి మావ

జపాన్‌లో దిగిన పూటే గిరిబాబు గొంతు బొంగురుపోయింది.

గరివిడి చుట్టుపక్కల ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆటోకి మైకు కట్టుకుని చీరల సేలు నుంచి ఓట్ల ప్రచారం దాకా అన్నీ చాటేది ఆయనే. అలాంటి మనిషి రైల్వేస్టేషన్లో టికెట్ల కిటికీ ముందు నిలబడి, వెళ్ళాల్సిన ఊరి పేరు తన యాసలో మళ్ళీ మళ్ళీ అరుస్తున్నాడు.

"టూ టికెట్స్! టూ! అర్జెంట్ సార్!"

కిటికీ వెనకాయన ఇంకాస్త కిందికి వంగి దండం పెట్టి, తన భాషలోనే ఏదో చెప్పాడు. అవతలివాడికి అర్థం కాకపోతే గొంతు పెంచాలన్నది గిరిబాబు సిద్ధాంతం. పెంచాడు. ఆయన మళ్ళీ వంగాడు. ఫోన్లో భాష మార్చి చెప్పే యాప్ ఉంది గానీ, సముద్రం దాటగానే గరివిడి సిమ్ము పడకేసింది.

పక్కనే మేనకోడలు దుర్గాభవాని, భుజాన బ్యాగుతో. బరువులెత్తే పిల్ల. పొద్దుగూకేలోగా పోటీ జరిగే ఊరు చేరి, అక్కడివాళ్ళ ముందు కాటా ఎక్కి ఒంటి బరువు చూపించాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. మిగతా జట్టు నిన్ననే చేరిపోయింది. వీసా ఆలస్యమై వీళ్ళిద్దరే వెనకబడ్డారు.

పేరు కొట్టేస్తే సంబరపడే పెద్దమనిషి ఒకడున్నాడు. వాళ్ళ వ్యాయామశాల కార్యదర్శి నరసింగరావు.

"అంత దూరం పంపితే ఈ పిల్ల ఎలాగ మాటాడతాది? ఎవులైనా ఏదైనా అడిగితే ఏటి సెప్తాది? ఇంకో పిల్లని పంపుదుం," అని మొదట్నుంచీ అడ్డం పడ్డాడు. జిల్లాలో ఆ బరువు ఎత్తేవాళ్ళు ఇంకెవరూ లేక ఒప్పుకున్నాడు. "ఈసారి తేడా వస్తే మాత్రం మళ్ళీ జన్మలో దాని పేరు రాయను" అని తేల్చేశాడు.

తల్లి యమునకీ భయమే. బయల్దేరే రోజు కూతురి గడ్డం పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని మరీ అంది. "ఎల్లకపోతే ఏటే అమ్మా? అక్కడి బాస మనకి రాదు కదే."

దుర్గాభవాని తల్లి చెయ్యి మెల్లిగా తీసేసి, బ్యాగు జిప్పు ఒక్క లాగు లాగింది. అదే ఆమె జవాబు.

అందుకని మాటసాయానికి మేనమావ గిరిబాబుని తోడిచ్చి పంపారు. ఆ సాయం ఎలా ఉందో చూశారుగా!

వెనక వరస పెరిగిపోయింది. దుర్గాభవానికి ఒళ్ళు మండింది. మావని భుజంతో పక్కకి నెట్టింది. గోడ మీద పోటీ పోస్టరు చూపించింది. కాళ్ళు ఎడం చేసి, బరువెత్తినట్టు రెండు చేతులూ పైకి లేపి, ఆ ఎత్తేది నేనేనన్నట్టు గుండె మీద తట్టుకుంది. కిటికీ వెనకాయన మొహం వెలిగిపోయింది. చప్పట్లు కూడా కొట్టాడు. ఆమె రెండు వేళ్ళు చూపించింది. అరచేతిని పొద్దులాగా కిందికి దించి, అంతకంటే ముందే అని కళ్ళెగరేసింది. టికెట్లు వచ్చాయి. ఎన్నో ప్లాట్‌ఫారమో ఆయన వేళ్ళతోనే చూపించాడు.

"నేనూ అదే కదే సెప్పింది!" అన్నాడు గిరిబాబు వెనకనుంచి. ఆమె తిరిగి కూడా చూడలేదు.

రైలొచ్చింది. జనమంతా ముందు డబ్బాలు ఎక్కుతున్నారు. గిరిబాబు మాత్రం ఇంటి అలవాటు కొద్దీ చివరి డబ్బాకి పరుగెత్తాడు. విజయనగరంలో ఆయనకి సీటు దొరికితే చివరి జనరల్ డబ్బాలోనే దొరికేది. ఇక్కడా అది ఖాళీ! మేనకోడలి మోకాలు తట్టి, "సూసావా మావ తెలివి" అని బూట్లు విప్పి కాళ్ళు చాపాడు.

ఏదో జంక్షన్లో రైలు ఆగింది. మైకులో ఆడగొంతు తీరిగ్గా ఏదో చెప్పింది.

"బాగా సదువుతున్నాది. మైకంటే అలగుండాల!" అని మెచ్చుకుని గిరిబాబు కళ్ళు మూసుకున్నాడు.

దుర్గాభవాని చూస్తూనే ఉంది. ఎదుటి సీటు ముసలావిడ సంచి తీసుకుని దిగి, ముందు డబ్బాకి నడిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ప్లాట్‌ఫారం మీద తెల్ల చేతి తొడుగుల ఉద్యోగి డబ్బాల మధ్య అతుకు చూస్తున్నాడు. దుర్గాభవాని తలుపులోంచి తొంగిచూసి, అతనికీ చేతులు పైకెత్తి బరువెత్తి చూపించింది. అతను రెండు పిడికిళ్ళు కలిపి విడదీశాడు. ముందు డబ్బాలు చూపించి తలూపాడు. ఈ డబ్బా చూపించి రెండు చేతులూ అడ్డంగా పెట్టేశాడు.

ఆమె వచ్చి మావని కుదిపింది.

"కూకోయే! ఇంకా మన ఊరు రానేదు!"

వాదన పెట్టుకునే ఓపిక ఆమెకి లేదు. ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చంకలో మావ.

"ఒసే, దింపే! నా బూట్లే!"

ముందు డబ్బాలో పడేసింది. తలుపు మూసుకుంది. ముందు సగం రైలు కదిలిపోయింది. వెనక సగం గిరిబాబు బూట్లతో సహా ఇంకో దిక్కుకి పోవడానికి అక్కడే ఉండిపోయింది. మన కొత్తవలసలో లైను చీలుతుంది. ఇక్కడ రైలే చీలింది.

పొద్దుగూకక ముందే దుర్గాభవాని కాటా ఎక్కింది. పోటీ హాల్లో వైఫై తగలగానే గిరిబాబు ఫోను మోగింది. నరసింగరావు.

"ఏటి గిరిబాబూ, దారి తప్పిపోనారా?"

"టికెట్టు అదే తీసినాది. రైలు అదే మార్పించినాది. నన్నూ అదే మోసుకొచ్చినాది. కాటా ఎక్కీసినాది!"

"ఆళ్ళ బాస దానికెలాగ తెలిసినాదిరా?"

గిరిబాబు ఉత్త కాళ్ళతో నిలబడి, కాటా మీద నవ్వుతున్న మేనకోడల్ని చూశాడు. మిగిలిన గొంతంతా కూడదీసుకుని అరిచాడు.

"పుట్టిన కాడ్నుంచి ఒక్క మాటా సెవినపడని పిల్లకి, మన తెలుగైతే ఏటి, ఆళ్ళ జపాన్ బాసైతే ఏటి బాబూ!"