కడుపులో ఉన్నదాని పేరు

"మందొద్దు బాబూ. రోగం పేరు సెప్పండి, సాలు," అన్నాడు దేవుళ్లు.

యాజులు డాక్టరుగారికి చిర్రెత్తుకొచ్చింది. నర్సీపట్నం సంతవీధిలో ఆయన వైద్యశాల పెట్టిన తరవాత మందు వద్దన్న రోగి వీడొక్కడే. అయితే పేరు అడగడం మాత్రం లోలోపల నచ్చింది. ఆయనకి రోగం కన్నా రోగం పేరు మీద మక్కువ ఎక్కువ. అజీర్తితో వచ్చినవాడికి 'డిస్పెప్సియా' అనీ, జిగట విరేచనాలవాడికి 'డిసెంట్రీ' అనీ చెప్పి, వాడు నోరు తెరుచుకుని చూస్తే గానీ ఆయనకి అన్నం సహించదు.

"పేరెందుకోయ్ నీకు?"

"నాక్కాదు బాబూ. మా పెద్దమ్మ కొండలమ్మని, ఆయమ్మ పెట్టిన చింతాకు పులుసు తిన్న కాణ్ణించి నాకు కడుపునొప్పి. ఆయమ్మే చిల్లంగి పెట్టీసిందని మా అన్న సింగన్న ఊరందర్నీ పోగేసేడు. ఇయ్యాల మద్దేనం పళ్లు రాలగొట్టీస్తారు. ఆ తరవాత బతకనిస్తారేటి?"

చిల్లంగి సంగతి యాజులుగారు వినే ఉన్నారు. గిట్టనివాళ్ల కడుపులోకి మంత్రంతో ఎముకలూ వెంట్రుకలూ పంపే విద్యట. నోట్లో పళ్లు లేకపోతే మంత్రం పలకదని, చిల్లంగి పెట్టారనుకున్నవాళ్లకి ముందు రాయి పెట్టి పళ్లు రాలగొడతారు.

"మూర్ఖులు. ఇలా పడుకో," అన్నారాయన.

దేవుళ్లు బల్ల మీద పడుకున్నాడు. పొట్ట మీద చెయ్యి వెయ్యగానే డాక్టరుగారి వేళ్లు జివ్వుమన్నాయి. నీళ్లకుండలా చల్లగా ఉంది. చెక్కలా బిగిసి ఉంది. నొక్కితే లోపలికి పోలేదు.

"నొప్పా?"

"నిన్నటిదాకా పేనాలు తోడీసింది బాబూ. ఇప్పుడేటీ లేదు. సల్లగుంది."

నాడి చూశారు. దొరకలేదు. రెండో చెయ్యి పట్టుకున్నారు. అక్కడా దొరకలేదు.

పట్టపగలే యాజులుగారికి ఒళ్లు గగుర్పొడిచింది. అంతలోనే చదువుకున్న పాఠం గుర్తుకొచ్చి ఆదుకుంది. పొట్టలో పుండు తూటు పడితే పొట్ట చెక్కలా బిగుస్తుంది, దాన్ని 'రిజిడిటీ' అంటారు. ఒళ్లు చల్లబడి నాడి అందకుండా పోతుంది, అది 'కొలాప్స్'. ఉన్నట్టుండి నొప్పి ఆగిపోవడం అన్నిటికన్నా చెడ్డ లక్షణం. అన్నిటికీ పేర్లున్నాయి. పేర్లు దొరికాక భయం పోయింది.

"నీది పెర్ఫొరేటెడ్ గ్యాస్ట్రిక్ అల్సర్. చిల్లంగీ కాదు, చింతాకూ కాదు. పొట్టలో పుండు తూటు పడింది. కదలకు. బండి కట్టించి విశాఖపట్నం పంపిస్తాను."

"నా మాట ఎవులూ ఇనరు బాబూ. మా సింగన్నకి మీ నోటితో సెప్పండి. రోలుగుంట దారిలో మామిడితోట దాటితే మా ఊరే. బేగి రండి."

ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. బల్ల మీద కాస్త బూడిద రాలింది. పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చాడు కాబోలనుకున్నారు.

"చచ్చే రోగం పెట్టుకుని నడిచిపోయాడు, మొండిఘటం," అని తిట్టుకుంటూ మందుల సంచీతో జట్కా ఎక్కారు. తాను చెప్పే పేరుతో ఒక ముసలిదాని ప్రాణం నిలబడుతుందంటే ఆయనకి గర్వంగానే ఉంది.

ఊరు ఊరంతా కళ్లం దగ్గర ఉంది. కొండలమ్మని గుంజకి కట్టేశారు. ఆవిడ ఎదురుగా సింగన్న, చేతిలో రాయి.

"ఆగవయ్యా," అన్నారు యాజులుగారు జట్కా దిగుతూనే. "నేను నర్సీపట్నం డాక్టర్ని. మీ దేవుళ్లుది చిల్లంగి కాదు, పెర్ఫొరేటెడ్ గ్యాస్ట్రిక్ అల్సర్. పొట్టంతా రిజిడిటీ. మనిషి కొలాప్స్."

అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. ఆయనకి కడుపు నిండినట్టయింది.

"మా ఓడి కడుపులో ఏటుందో మీకెలా తెలిసింది బాబూ?" సింగన్న నెమ్మదిగా అడిగాడు.

"తెలియకేం? పొద్దున్న నా దగ్గరికి వచ్చాడు. ఈ చేతుల్తో తడిమి చూశాను. ఎడమ భుజం మీద కాలిన మచ్చ కూడా ఉంది. ఈ పెద్దమ్మని కాపాడమని నన్ను రమ్మన్నదీ వాడే. ఏడీ, పిలవండి."

గుంపు వెనక్కి జరిగింది. కొండలమ్మ ఆయన్ని చూడలేక కళ్లు మూసుకుంది.

"నిన్న సందేళ ఆణ్ణి కాల్సీసేం బాబూ," అన్నాడు సింగన్న. "ఈ సేత్తోనే నిప్పెట్టేను."

యాజులుగారు నోరు తెరిచారు. దీనికి మాత్రం ఆయనకి పేరు దొరకలేదు.

"సచ్చినోణ్ణి రప్పించుకునే ఇద్దె నీకు రాదే పెద్దమ్మా, తప్పైపోయింది," అంటూ సింగన్న రాయి కింద పెట్టి కొండలమ్మ కట్లు విప్పాడు.

తరవాత ఆ తాడూ, ఆ రాయీ తీసుకుని డాక్టరుగారి వైపు నడిచాడు.