బండికి కాపలా

“అమ్మేస్తే పీడా పోతుంది కదక్కా!” అన్నాడు తమ్ముడు, ట్రక్కు తాళంచెవిని వేలికి గిరగిరా తిప్పుతూ.

ఆమె చటుక్కున తాళంచెవి లాక్కుంది. ఆరేళ్ళు జీతంలో మిగిల్చి కొనుక్కున్న, వెనక కూడా సీటున్న పాత చిన్న ట్రక్కు అది. సెలవు రోజుల్లో ఇంజను మొత్తం విప్పి, తన చేతులతోనే మళ్ళీ బిగించుకుంది. సైన్యంలో రోడ్లూ వంతెనలూ వేసే దళంలో ఆమె ఉద్యోగం. ఇప్పుడా దళాన్ని సముద్రం అవతల, యుద్ధం ఇంకా పూర్తిగా చల్లారని దేశానికి పంపిస్తున్నారు. పద్నాలుగు నెలలు. ప్రయాణం నాలుగు రోజుల్లో పడింది. బట్టలు సర్దడం కూడా అయిపోయింది గానీ, బండి సంగతే తేలలేదు.

“అమ్మను. స్నేహితురాలి షెడ్డులో పెడదామంటే అక్కడ ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.”

“అయితే నాకిచ్చి వెళ్ళు.”

“నీకా? లైసెన్సు వచ్చిన వారానికే రెండు తలుపులూ గోడకి రాసొచ్చావు. పిల్లిని పాలకి కాపలా పెట్టినట్టుంటుంది.”

మూల కూర్చుని చొక్కా కాలరు కుడుతున్న తండ్రి, మిషను తొక్కడం ఆపాడు. “నా దగ్గర వదిలెయ్యి తల్లీ.”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. కుర్రతనంలో ఆయన ఎక్కిన బస్సు లోయలో పడింది. బతికి బయటపడ్డాడు గానీ, ఆ తర్వాత నలభై ఏళ్ళుగా చక్రాలున్నదేదీ ఎక్కలేదు. నాలుగు కిలోమీటర్ల దూరంలోని దర్జీ కొట్టుకి రోజూ కాలినడకే.

“నువ్వసలు బండే ఎక్కవు కదా నాన్నా!”

“మరింకేం? గీత పడకుండా ఉంటుంది.”

ఆ మాట ఆమెకు సబబుగా తోచింది. పాలు ముట్టని పిల్లి ఇంట్లోనే ఉండగా వీధిలో వెతకడం దేనికి? వారానికోసారి ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచమని చెప్పి, ఎలాగో చూపించింది. ఆయన బయటే నిలబడి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమనగానే రెండడుగులు వెనక్కి గెంతాడు. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

అక్కడి నుంచి ఫోను చేసినప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే: “బండెలా ఉంది?”

“బాగుంది. నువ్వెలా ఉన్నావు?” అనేవాడు ఆయన.

పద్నాలుగు నెలలకు తిరిగొచ్చింది. బండి అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. లోపలికి తొంగిచూసి మీటరు చదివిందో లేదో, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండు వేల కిలోమీటర్లు పెరిగింది.

“ఒరేయ్! బయటికి రా!”

“నేను ముట్టుకుంటే ఒట్టక్కా! నాన్ననడుగు,” అన్నాడు తమ్ముడు, స్తంభం వెనక నుంచి.

తండ్రి సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. “రేపు ఆరింటికి తయారుగా ఉండు. చూద్దువుగాని.”

మర్నాడు పొద్దున్నే ఆయన డ్రైవరు వైపు తలుపు తీసి, సీటు మీద దిండు సర్దుకుని కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. ఆమె నోరు తెరిచి చూస్తూ పక్కన ఎక్కింది. కొండమీది కాలనీలో ముగ్గురు ఎదురుచూస్తున్నారు. ముగ్గురూ డయాలసిస్ రోగులే. వాళ్ళలో ఒకావిడ రిటైరైన టీచరు. వెనక సీట్లో సర్దుకుంటూ, “వంతెన కూలినప్పటి నుంచీ మిగిలింది ఇరుకు చుట్టుదారే, అంబులెన్సు వాళ్ళు అటు రామన్నారమ్మా,” అంది. “వారానికి మూడుసార్లు మమ్మల్ని తీసుకెళ్ళేది మీ నాన్నగారే. పది నెలల్లో ఒక్క రోజు మానలేదు.”

కిందికి దిగే దారి సన్నగా ఉంది. ఒకపక్క కొండ, మరోపక్క లోయ. సగం దూరంలో ఎదురుగా బండరాళ్ళ లారీ వచ్చి ఆగింది. రెండూ పట్టవు. అంత బరువుతో లారీ వెనక్కి పోలేదు. మందుపాతరలున్న దారుల్లో తిరిగొచ్చిన ఆమె కూడా డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది. “నాన్నా, దిగు. నేను చూసుకుంటాను.”

“కూర్చో.”

ఆయన అద్దంలోకి చూస్తూ రివర్సు వేశాడు. నలభై ఏళ్ళు మిషను తొక్కిన ఆ పాదం క్లచ్ మీద వెంట్రుకవాసి లేస్తూ దిగుతూ ఉంది. చాక్‌పీసు గీత వెంట కుట్టు నడిపినట్టు, లోయ అంచుకు జానెడు ఇవతల, ఒక్క కుదుపు లేకుండా, మలుపు దాకా ఎగువకి పోయింది బండి. లారీ డ్రైవరు దాటిపోతూ చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. దళంలో ఇంత నెమ్మదైన చెయ్యి ఆమె ఎవరిదీ చూడలేదు.

రోగుల్ని ఆసుపత్రిలో దింపాక, చెట్టు నీడన బండి ఆపాడు.

“ఎవరు నేర్పారు నాన్నా?”

“డ్రైవింగు స్కూలు. నువ్వు విమానమెక్కిన మర్నాడే చేరాను. నా పక్కనంతా నూనూగు మీసాల పిల్లలే. మొదటి నెల చేతుల వణుకు తగ్గలేదు. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. పరీక్ష మూడోసారికి గట్టెక్కాను.”

“వీళ్ళ కోసం ఇంత కష్టపడ్డావా?”

“అప్పటికి వంతెన కూలనేలేదు. వీళ్ళెవరో నాకు తెలీదు. చెయ్యి తిరగాలి కదా, ఖాళీ బండి తిప్పడమెందుకని ఎక్కించుకున్నాను.”

“మరి ఎందుకు నాన్నా?”

ఆయన ఆమె చేతుల్ని, మోకాళ్ళని, పాదాల్ని ఒక్కొక్కటిగా, తీరుబడిగా చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“నడవలేకుండా తిరిగొస్తే నిన్ను తిప్పడానికి తల్లీ.”