పదికి సున్నా

"పెన్ను కింద పెట్టమ్మా!"

స్క్వాడ్ ఆఫీసరు దేవరాజులు తలుపు దగ్గర నిలబడి వేసిన కేకకు ఉషారాణి చెయ్యి ఆగిపోయింది. పక్క కుర్చీలో జయరత్నం మాట కూడా సగంలోనే ఆగింది. ఆయనకు చూపు లేదు. మదనపల్లెలో ఒక ఆసుపత్రి టెలిఫోన్ల దగ్గర ఉద్యోగం చేస్తూ, దూరవిద్యలో బి.ఏ. చదువుతున్నాడు. పరీక్షలో ఆయన చెబుతుంటే రాసిపెట్టే స్క్రైబు ఉషారాణి. టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే మనిషి, పదో క్లాసు చదువు. ఈరోజు ఆఖరి పేపరు, ఆధునిక ఐరోపా రాజకీయ చరిత్ర.

"ఏమైంది సార్?" అన్నాడు ఇన్విజిలేటర్ సురేంద్ర లేచి నిలబడుతూ.

"అయిదు నిమిషాల్నించి సూస్తాండాను. ఈయన నోట్లో మాట ఇంకా బయటికే రాలేదు, ఆ లోపలే ఈయమ్మ 'బొగ్గు, ఉక్కు' అని రాసేసింది. సెప్పకముందే ఎట్ల తెలిసెనమ్మా నీకు?"

ఉషారాణి పెన్ను బల్ల మీద పెట్టింది. సబ్జెక్టు తెలిసినవాళ్లు స్క్రైబుగా కూర్చోకూడదు. కూర్చుంటే పేపరు రద్దు. పోయిన ఏడాది ఒప్పుకున్న స్క్రైబు రాకపోవడంతో జయరత్నానికి ఇదే పేపరు పోయింది. ఈసారి కూడా పోతే మనిషి మళ్లీ పరీక్ష మాట ఎత్తడు.

తెలియకుండా ఎట్లా ఉంటుంది? రెండేళ్లుగా మార్కెట్ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఆయనకు ఆ పుస్తకాలు చదివి వినిపించింది ఆమే. మొదట్లో ఆ ఊళ్ల పేర్లకు నోరు తిరిగేది కాదు. రానురాను ఆమెకే పిచ్చి పట్టింది. జయరత్నానికి జ్వరం వచ్చిన వారంలో ఆగలేక ఒక్కతే కూర్చుని తర్వాతి పాఠం చదివేసింది. ఈ పేపర్లో ఆమె సొంతంగా కలిపింది ఒక్క అక్షరం లేదు. జవాబులన్నీ ఆయన బుర్రలోంచి వచ్చినవే. ఆ ఒక్కచోట మాత్రం ఇష్టమైన సంగతి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు.

జయరత్నం అబద్ధం ఆడే మనిషి కాదు. "సార్, ఆ పుస్తకాలు నాకు..." అని మొదలుపెట్టాడు. ఉషారాణి బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కింది.

"నువ్వు గమ్మునుండన్నా. ఆయన లోపల్లోపల గొణిగినాడు సార్, నాకు వినబడింది, రాసినా. నాకు తెలిసిందంతా టమోటాలు. ఈ యుద్ధాలు గిద్ధాలు నాకేం తెల్సు?"

"అట్లనా?" దేవరాజులు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. కుప్పంలో ఇరవై ఏళ్లుగా చరిత్ర పాఠాలు చెబుతున్న మనిషి. "పది ప్రశ్నలు అడుగుతా. ఒక్కోదానికి రెండు జవాబులు నేనే సెప్తా. ఇదా అదా సెప్పు, సాలు."

"తెల్దంటే ఊరుకోరా సార్?"

"ఊరుకోను. ఏదో ఒకటి సెప్పాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది 1914లోనా, 1939లోనా?"

"ముప్పై తొమ్మిదిలో."

"ఆ యుద్ధమైనాక నష్టపరిహారం కట్టమన్నది జర్మనీనా, ఫ్రాన్సునా?"

"ఫ్రాన్సును."

"రెండో యుద్ధమైనాక మార్షల్ ప్లాన్ కింద ఐరోపాకు సాయం చేసింది అమెరికానా, రష్యానా?"

"రష్యా సార్."

"బెర్లిన్ గోడ కట్టింది తూర్పు జర్మనీనా, పడమటి జర్మనీనా?"

"పడమటోళ్లే."

జయరత్నం ఒక్కో జవాబుకూ పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. ఉషారాణి మాత్రం బెదరలేదు. అయిదు, ఆరు, ఏడు... తడుముకోవాల్సిన చోట తడుముకుంది, తల గోక్కోవాల్సిన చోట గోక్కుంది. ఇంత బాగా నటించగలనని ఆమెకే తెలియదు. తొమ్మిది అయ్యాయి.

"ఆఖరిది. రెండు యుద్ధాల్లో ఒకర్నొకరు సంపుకున్న ఫ్రాన్సూ జర్మనీ తర్వాత కలిసి నడిసినాయా, మూడోసారి యుద్ధానికి దిగినాయా?"

ఈసారి ఆమె వెంటనే చెప్పలేకపోయింది. ఆ పాఠం చదివిన రోజు ఆమె ఏడ్చింది. తుపాకులు చేయడానికి వాడే బొగ్గునీ ఉక్కునీ ఇద్దరూ ఉమ్మడి చేసుకుని, ఇక మన మధ్య యుద్ధం వద్దనుకున్నారట. లక్షల మందిని పోగొట్టుకున్నాక కూడా మనుషులు అట్లా కూర్చుని మాట్లాడుకోగలరా అని, పుస్తకం మూసి చాలాసేపు ఉండిపోయింది. లోకంలో ఆమెకు అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటి తెలియదు. దాన్ని ఇప్పుడు తన నోటితోనే కాదనాలి.

జయరత్నం ముఖం ఆమె వైపే తిరిగి ఉంది.

"మళ్లా కొట్టుకున్నాయి సార్," అంది.

సురేంద్ర నవ్వు ఆపుకోలేకపోయాడు. "పదికి సున్నా సార్! ఈయమ్మను పట్టుకుని సబ్జెక్టు తెలుసంటిరే!"

దేవరాజులు నవ్వలేదు. ఉషారాణి ముఖంలోకి కాసేపు చూసి, రిపోర్టు తీసి, 'స్క్రైబుకు సబ్జెక్టు పరిజ్ఞానం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. "నావల్ల పోయిన టైము ఈయనకు కలిపియ్యప్పా," అని సురేంద్రకు చెప్పి లేచాడు. ఉషారాణి కొంగుతో చెమట తుడుచుకుని పెన్ను అందుకుంది.

తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి ఆమె బల్ల మీదికి వంగాడు.

"వచ్చే ఏడు నీ పేరు మీద ఫీజు కట్టమ్మా. చరిత్రే తీసుకో."

"నేనా సార్? సున్నా వచ్చినదానికి సదువేంది?"

ఆయన ఆమెకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు:

"నిజంగా తెలియనోళ్లు నోటికొచ్చింది సెప్పినా నాలుగైదు కరెక్టవుతాయమ్మా, పదికి పదీ తప్పు సెప్పాలంటే, పదీ తెలిసుండాల."