మూడు దెబ్బల పాట

"ఏందిరా గిది? కండ్లు వెట్టి నేసినవా, కండ్లు మూసుకొని నేసినవా?"

మగ్గం మీది చీరను వేలితో తడిమి చూస్తూ అరిచాడు కురుమూర్తి. నేత ఒకచోట ఒత్తుగా ఉంది, పక్కనే పలచబడింది. కొడుకు ఉమేష్ మగ్గం గుంటలో తల వంచుకుని కూర్చున్నాడు.

"దెబ్బ దెబ్బకు సమంగ పడాలె. నువ్వేమో మూడు మూడు కలిపి గుర్రం ఉరికినట్టు గుద్దుతున్నవ్. చీర నువ్వు నేస్తలేవురా, నీ ఐర్లాండు పాట నేస్తుంది."

అబద్ధమేమీ కాదు. ఉమేష్ ఫోన్లో చూసి గిటారు మీద ఐర్లాండు వాళ్ల నాట్యం పాటలు నేర్చుకుంటున్నాడు. గద్వాల మొత్తంలో ఆ పిచ్చి పట్టింది ఇతనొక్కడికే. చేతిలో గిటారు లేకపోయినా ఆ మూడు దెబ్బల పాట చేతుల్లో ఆడుతూనే ఉంటుంది.

"ఒక్క పాట పూర్తిగ వచ్చేటట్టుంది నాయినా..."

"వాయించిందే తిప్పి తిప్పి వాయిస్తవ్. అది పూర్తయ్యేదెప్పుడు?"

"ఆడేటోళ్లు ఆపేదాక అది గట్లనే తిరుగుతది."

"అయితే నేనే ఆపుత. సోమారం పెండ్లోళ్లు చీర కోసం వస్తరు. ఆలోపల నువ్వు గిటారు ముట్టినట్టు తెలిసిందా, గట్టు ఊర్ల ఉన్న మీ అక్క పిల్లలకు ఇచ్చేస్త. బ్యాటు చేసుకొని ఆడుకుంటరు."

ఉమేష్ ముఖం పాలిపోయింది. తండ్రి అన్నంత పనీ చేసే మనిషి. ఉమేష్ గిటారును గోనెసంచిలో కట్టి, ఆయన చూస్తుండగానే మగ్గం గది అటక మీద పెట్టాడు. ఆయన బయటికి రాగానే లోపలి నుంచి గడియ వేసుకున్నాడు.

ఆ గడియే కురుమూర్తిని కుదురుగా కూర్చోనివ్వలేదు. నడుం పట్టేసి గుంటలో దిగలేకపోతున్నాడు గానీ, చెవులకేమీ జబ్బు లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెల్లగా వెళ్లి తలుపుకు చెవి ఆనించాడు. మగ్గం ఆడుతూనే ఉంది.

"సొంతింట్ల దొంగ లెక్క గిదేం పనయ్యా?" వెనక నుంచి వచ్చింది భార్య సత్యమ్మ.

"ష్! ఇంతసేపాయె, ఒక్క పోగన్న తెగిందానే? పోగు తెగకుంట నేసినోన్ని నేనింతవరకు సూడలే. లోపల ఏదో మతలబు నడుస్తుంది."

అంతలోనే మగ్గం ఆగింది. తెగిన పోగు అతుక్కునేంత సేపు నిశ్శబ్దం. మళ్లీ మొదలైంది.

"తెగింది, అతికిచ్చుకున్నడు. ఇంక సాలునా?"

"మరి సన్నగ టింగు టింగు అంటుందేంది?"

"పాత మగ్గం. నీ నడుం లెక్కనే అది గూడ మూలుగుతది. జర పిలగాన్ని పని చేసుకోనియ్యి."

ఆయన కదల్లేదు. మూడు దెబ్బలు ఎప్పుడు పడతాయా, వాణ్ని ఎప్పుడు పట్టుకుందామా అని ఊపిరి బిగబట్టి కాచుకున్నాడు. పడలేదు. ప్రతి దెబ్బా తూచినట్టు సమంగా పడుతోంది. అంచు దగ్గరికి వచ్చేసరికి రవ్వంత ఆగి, కాస్త గట్టిగా గుద్దుతోంది.

కురుమూర్తి ముఖం మెల్లమెల్లగా విచ్చుకుంది.

"సత్తెమ్మా, ఇన్నవా? అంచు కాడ ఆగి గుద్దుతుండు. అది నా చెయ్యే! అచ్చం నా లెక్కనే నేస్తుండు."

"నీ కొడుకు కాదా మరి?"

ఆయనకు సిగ్గేసింది. కన్నకొడుకును కాపలా కాసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఉట్టిగనే అనుమానపడ్డనే. చీర ఇచ్చినంక వాని గిటారుకు కొత్త తీగలు నేనే కొనిస్త. వాయించుకోనీ పాపం."

నడుం పట్టుకుని వెనుదిరిగాడు. లోపల మగ్గం టక్కున ఆగింది. మరుక్షణం, మూసిన తలుపు వెనక ఫోన్లోంచి, నడుం బాగున్నప్పటి కురుమూర్తి గొంతే ఖంగుమంది:

"ఇటు సూడురా ఉమేషూ! నేసుడంటే గిది. ఆ గిటారు పక్కకు వెట్టి, నన్ను జూసి నేర్చుకో!"